రాజు తన కథ తానే చెబితే

మా నాయన వేసవిలో రాజు. సత్యవేడు చుట్టుపక్కల ఊళ్లలో వీధినాటకం ఎక్కడాడినా రాజు వేషం ఆయనదే. మిగతా కాలమంతా వేరుశనగ రైతు. రెండింటిలోనూ ఓడిపోయేవాడు గానీ, రాజుగా ఓడిపోతే జనం ఈలలు వేసేవాళ్లు.

తొంభైల చివర్లో నేను తిరుపతిలో డిగ్రీ చదువుతూ, అంటే చదవకుండా, ఒక జానపద నవల మొదలుపెట్టాను. రాజు, మాంత్రికుడు, మాయాగుర్రం. ‘ఏడు కొండల అవతల’ అని రాస్తే మావాళ్లు బస్సెక్కి వెళ్లొచ్చే చోటనుకుంటారని ఎనిమిది కొండలు చేశాను. అప్పటిదాకా నేను చదివిన జానపదాలన్నీ ఎవరో పక్కన నిలబడి చూసి చెప్పినట్టు ఉండేవి. నాది మాత్రం రాజే చెప్పాలి. సెలవులకు ఇంటికెళ్లి మొదటి అధ్యాయం నాయనకు వినిపించాను. "నేను కత్తి దూశాను..."

"ఎవురురా ఈ నేను?"

"రాజు నాయనా."

"రాజు యాడన్నా తన గొప్ప తానే సెప్పుకుంటాడా? అది మీ మామ సేసే పని."

"మా అన్నను ఈడికెందుకు లాగుతావు?" అంది అమ్మ వంటింట్లోంచి.

నాయన అదేమీ పట్టించుకోలేదు. "వేషగాడు ముందు తెర ఎనకాల నిలబడతాడు. ఇద్దురు గుడ్డ పట్టుకుంటారు. ‘వచ్చినాడు సూడండి రాజు’ అని ఎవురో పరాయోడి మింద పాడినట్టు తన మింద తానే పాడుకుంటాడు. తెర తీసినాకనే ‘నేను’ అనాల. సరే, కడాకు నీ రాజు సస్తాడా?"

"సస్తాడు."

"సచ్చినోడు కత ఎట్ల సెప్తాడురా? నేను అన్నోడు బతికే ఉండాల గదా!"

ఇది ఆధునికం అన్నాను. జవాబు లేనప్పుడు నాకు ఆ మాట బాగా పనికొచ్చేది.

ఆ వాదన జరిగినప్పటికే ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. పాటలెక్కువై అనుకున్నాం. మిరియాల పాలు తాగించాం. ఆ వేసవి జనమంతా, ఇన్నాళ్లకు రాజుకు తగ్గ గొంతు వచ్చిందని మెచ్చుకున్నారు. ఒకాయన దండ కూడా వేశాడు. లోపల పెరుగుతున్నదానికి దండ వేసిన ఊరు మాదొక్కటేనేమో.

తిరుపతిలో డాక్టరు క్యాన్సర్ అన్నాడు. స్వరపేటిక తీసేస్తే బతకొచ్చు, మాట మాత్రం ఉండదన్నాడు.

"అయితే వేషం?" అన్నాడు నాయన.

"ఏం వేషం?" అన్నాడు డాక్టరు.

ఆపరేషన్ అయింది. తర్వాత చూపించుకోవడానికి వెళ్లినప్పుడు, "ఆయనకు మింగడం కష్టంగా ఉంది సార్" అన్నాను. నాయన నా మోచెయ్యి గిల్లాడు. మళ్లీ "ఆయనకు" అన్నాను. మళ్లీ గిల్లి, తన రొమ్ము తట్టుకున్నాడు. పక్కనే కూర్చున్న మనిషి గురించి, లేని మనిషి గురించి చెప్పినట్టు చెబుతున్నానని అప్పటికి అర్థమైంది.

"నాకు మింగడం కష్టంగా ఉంది సార్" అన్నాను.

డాక్టరు టార్చి నా నోటి వైపు తిప్పాడు. నాయన భుజాలు కదిలాయి. నవ్వు అంతవరకే వచ్చింది.

ఆనాటి నుంచి ఆయన సైగ చేస్తే నేను ‘నేను’ అనేవాణ్ణి. బస్సులో నేను కిటికీ పక్కన కూర్చునే, ఆయన సైగ చూసి, "నాకు కిటికీ పక్కన సీటు కావాల" అని కండక్టర్‌ను అడిగాను. కండక్టర్ నన్ను జాలిగా చూశాడు.

సాయంత్రాలు నవల చదివి వినిపించేవాణ్ణి. రాజు తన కథ తానే చెప్పడం మీద ఇప్పుడు ఆయనకు అభ్యంతరం లేదు. మాంత్రికుడు రాజు మీదికి ఈటె ఎత్తిన అధ్యాయం దగ్గర మాత్రం కాగితం మీద అరచెయ్యి పెట్టేశాడు. తియ్యలేదు. ఆ పూటే మార్చి రాశాను, ఈటె గురి తప్పింది. అంతటి మాంత్రికుడు ఎందుకు తప్పాడని ఎవరైనా అడిగితే, మా నాయన చెయ్యి అడ్డం పెట్టాడని చెప్పడం తప్ప నా దగ్గర వేరే కారణం లేదు.

ఆ మరుసటి వానాకాలం జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగింది. ఒకరోజు తెల్లవారుజామున ఇంట్లోనే పోయాడు.

తడ నుంచి మా మామ వచ్చాడు. వాకిట్లోనే నా చేతులు పట్టుకుని, "ఎట్ల జరిగిందిరా అబ్బోడా?" అన్నాడు.

"తెల్లారుజామున నాకు ఊపిరాడలేదు..." అన్నాను.

అక్కడ ఆగిపోయాను. దుఃఖంతో నోరు పెగల్లేదనుకుని మామ నన్ను కావలించుకుని ఏడ్చాడు. నాకు మాత్రం ఆ వాక్యాన్ని అక్కణ్ణుంచి ఎటు నడపాలో తెలియలేదు. దాని చివర ఏముందో తెలుసు. అది ‘నేను’తో చెప్పగలిగేది కాదు.

మామ భుజం మీదనుంచి మళ్లీ మొదలుపెట్టాను. "తెల్లారుజామున ఆయనకు ఊపిరాడలేదు మామా."

ఆ తర్వాత చిన్నత్త వచ్చింది. నాటకంవాళ్లు వచ్చారు. అందరూ అదే అడిగారు, అందరికీ మొదటినుంచీ చెప్పాను. సాయంత్రానికి తడబడకుండా చెప్పడం వచ్చేసింది.