ఓదెమ్మ చేనులో జెండా కట్టెలు

తొర్రూరు దగ్గరి పల్లెలో ఓదెమ్మకు ఎకరన్నర పత్తి ఉంది. ముందటేడు ఆ పత్తికి మందు కొడుతూ భర్త కట్టయ్య చేనులోనే పడి ప్రాణం విడిచాడు. పురుగులకు ఏమీ కాలేదు. ఓదెమ్మ స్ప్రే డబ్బాను దూలానికి వేలాడగట్టి, ఇక మందు ముట్టనని ఒట్టేసుకుంది.

మరి పురుగును ఎవరు తినాలి? మందుల్లేని సేద్యం నేర్పడానికి ఊరికి వచ్చిన సంస్థ వాళ్లు చెప్పిందేమంటే, ఆకును పురుగు తింటుంది, పురుగును పిట్ట తింటుంది. కాకపోతే పిట్ట కూర్చుని వెతుక్కోవడానికి చోటుండాలి. పత్తికొమ్మ దానికి చాలదు. చేను నడుమ కట్టెలు పాతి, పైన అడ్డంగా పుల్లలు కట్టాలి.

అది సకల జనుల సమ్మె కాలం. బస్సుల్లేవు, బడుల్లేవు, సభలు మాత్రం రోజూ ఉన్నాయి. సభ ముగిశాక రోడ్డు పక్కన వదిలేసిన జెండా కట్టెలను ఓదెమ్మ మోపు కట్టి తెచ్చి, అడ్డపుల్లలు కట్టి చేనులో ఇరవై పాతింది. జెండాలు విప్పడానికి మనసొప్పలేదు. జై కొట్టిన వాళ్లలో తనూ ఉంది కదా. వారమైనా ఒక్క పిట్ట వాలలేదు. టపటపలాడే గుడ్డను చూసి అన్నీ దూరం నుంచే మళ్లిపోయాయి. పురుగులకు ఉద్యమం బాగా కలిసొచ్చింది.

ఎనిమిదో రోజు ఆమె జెండాలు విప్పుతుంటే ఉపేందర్ చూశాడు. ఊళ్లో సమ్మె నడిపేది అతనే.

"ఏంది చిన్నమ్మా గిది? రాష్ట్రం ఒచ్చేదాంక జెండా దించొద్దు!"

"ఎప్పుడొస్తది కొడుకా?"

"ఇయ్యాల రేపట్ల ఒస్తది."

"పురుగైతే ఒచ్చింది." ఓ కాయ తెంపి చీల్చి చూపించింది. లోపల పచ్చపురుగు తీరిగ్గా తింటోంది.

"గట్లయితే మందు కొట్టరాదు? డబ్బా నేను తెస్త."

"డబ్బా ఇంట్లనే ఉన్నది. మోసేటోడే లేడు."

కట్టయ్య పాడె మోసిన నలుగురిలో ఉపేందర్ కూడా ఒకడు. మిగిలిన జెండాలు తనే విప్పి మడతపెట్టాడు.

ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. పొద్దు వాలకముందే తోక చీలిన నల్లపిట్ట ఒకటి వచ్చి కట్టె మీద కూర్చుంది. అటూ ఇటూ చూసి పత్తిలోకి దూకి, పురుగుతో మళ్లీ కట్టె మీదికే వచ్చింది. ఉపేందర్ అలవాటుగా పిడికిలెత్తి నోరు తెరిచాడు.

"జర మెల్లగ కొడుకా," అంటూ ఓదెమ్మ అతని చెయ్యి పట్టి కిందికి దించింది.