కల్తీ లేని అతుకు

సరిహద్దు మంచుకొండ మీద హెలికాప్టర్ నుంచి దిగిన. పగలు పదకొండు గంటలు. ఎండ ఉన్నది గని ముక్కు లేదు. తడిమి చూసుకుంటే ఉన్నది. చుట్టూ మంచు, ఒక బంకరు, దాని మీద యాంటెన్నా. ఆ పోస్టుకు రేడియో మెకానిక్కును నేనొక్కన్నే. మాది మొయినాబాద్. బాపుకు చేవెళ్లల గిన్నెల దుకాణం. దిగిన రోజే స్లీపింగ్ బ్యాగుకు హవల్దారుతోని బేరమాడిన. ఆ పూట నుంచి నా పేరు సేటు.

హవల్దారు హుకుం ఒక్కటే: "గస్తీ బయట ఉన్నప్పుడు సెట్టు ఆగొద్దు."

మంచుల తొవ్వ చెప్పేది ఆ సెట్టే మరి. యాంటెన్నా తీగ అతుకు ఊగుతున్నది. స్టోర్ల అతికే టంకం అయిపోయింది. నా సంచిల అమ్మ పెట్టిన మామిడికాయ తొక్కు సీసా పక్కన బాపు ఇచ్చిన తగరం కడ్డీ ఉన్నది. చెవి దగ్గర పెట్టి వంచిన. కిర్రుమన్నది. అసలు తగరం గట్లనే అరుస్తది. సీసం కలిస్తే గొంతు పడిపోతది. దుకాణంల గిన్నెలకు పూసే కళాయికి మా పరీక్ష ఇదే. అన్నం తినే గిన్నెకు సీసం తగలొద్దు.

"ఫోన్ ఎవరిది సేటూ?" అన్నడు వంటాయన. సురంగల్ మనిషి, మనోడే.

"నవ్వకన్నా. దీంట్ల రవ్వంత కల్తీ లేదు."

ఉత్త తగరంతోనే అతికిన. గడ్డ చలిల అది పొడైతది, సీసం కలపాలె అని ట్రైనింగుల మాస్టరు చెప్పిండు. నాకది సీసం అమ్ముకునేటోని మాటలెక్క వినిపించింది.

వారాల తరబడి చలి సున్నా కింద ముప్పై దాటింది. ఒక మధ్యాహ్నం నలుగురు గస్తీకి పోయిండ్రు. పొగమంచు దిగింది. "జెండ కాడున్నం, తొవ్వ కనిపిస్తలేదు, ఎటు..." అని సెట్టు ఆగిపోయింది. పైకెక్కి చూసిన. అతుకు ఉన్నకాడ బూడిద రంగు పొడి. వేలు తగిలితే రాలింది.

ఇప్పుడు సీసం కావాలె. వంటాయన దగ్గర డబ్బనిండ ఉన్నది: రేషన్ సంచుల సీసం సీళ్లు. ఊరికి పోయినంక చేపల వలకు గుండ్లు చేసుకుందామని దాస్తున్నడు.

"ఇయ్యన్నా."

"నీ తొక్కు సీసా ఇయ్యి."

"సగం."

"అయితే సగం అతుకే పెట్టుకో."

నలుగురు మంచుల ఉంటే నా నోరు బేరమే ఆడుతున్నది. "ఇద్దర్ని లోయల తోస్త!" అని హవల్దారు ఉరిమిండు.

"మొత్తం తీస్కో," అన్న.

స్టవ్వు మీద గరిటెల రెండు పాళ్లు సీసం కరిగించి, మూడు పాళ్లు తగరం వేసిన. కలిపి, మడ్డి తీసి, ఇనుప రేకు మడతల పోసిన. గడ్డకట్టినంక చెవి దగ్గర వంచిన. గొంతు పడిపోయింది. కల్తీ చూసి సంతోషపడ్డది బతుకుల అదే మొదలు.

టంకం పట్టుకోవాలెనని దేవదారు పెట్టె చెక్కకు కారిన జిగురు గీకి తీగకు రుద్దిన. టంకాన్ని కాదు, తీగను కాల్చిన. టంకం నీళ్లలెక్క పారింది. చల్లారేదాక ఊపిరి బిగబట్టిన. కదిలితే అతుకు పుచ్చిపోతది. అతుకు మెరిసింది.

"ఉన్నరా? ఎవరన్న ఉన్నరా?" అన్నది సెట్టు.

"ఉన్నం," అన్నడు హవల్దారు. "కుడి చేతికి తాడు దొరుకుతది. పట్టుకొని రండ్రి."

"చాయ్?"

"వంటాయన పెడుతున్నడు."

ఫౌజు నౌకరీ అయిపోయి ఇప్పుడు దుకాణంల కూసుంటున్న. బాపు గిరాకీ చెవి దగ్గర కడ్డీ వంచుతడు. "ఇన్నవా? కల్తీ లేదు."

"బాపూ, చలి దేశంల జర సీసం కలపాలె."

"ఆ ముచ్చట గిరాకీ పోయినంక చెప్పు బిడ్డా."

కిర్రుమన్నప్పుడల్ల ఒక్కటే కండ్లల్ల మెదులుతది. తెల్లటి పొగల నుంచి తాడు పట్టుకొని ఒకరెనక ఒకరు నలుగురు. వాళ్లకెదురుంగ వంటాయన. మూత తీసిన తొక్కు సీసాను ఒక్కొక్కరి నోటి ముందట పెడుతున్నడు, బేరమాడకుండ.