చిటికెన వేలు

మొన్న తమ్ముడికి ఛాతీలో నొప్పొస్తే గచ్చిబౌలి దవాఖానకు తీసుకుపోయాను. స్పిరిట్ వాసనకి కూకట్‌పల్లి కాంపౌండర్ గుర్తొచ్చాడు.

అప్పుడు నేను మూడో తరగతి. లాంతర్లో పోసే గాసునూనె సీసాను, అప్పటికింకా పాకే వయసున్న ఈ తమ్ముడే నోట్లో పెట్టుకున్నాడు. లాక్కుంటే సగం నా లంగా మీద ఒలికింది. "గాసునూనె తాగిండని చెప్పు, కాంపౌండర్ సార్‌ను జల్ది తోల్కరా!" అని అమ్మ అరిచింది. దారంతా ఆ మాటే అనుకుంటూ ఉరికాను.

కాంపౌండర్ కళ్లద్దాల మీంచి చూసి "ఏంది?" అన్నాడు. అచ్చం మా లెక్కల సారు గొంతు. మాట మాయమైంది. చిటికెన వేలు దానంతటదే లేచింది.

"ఒకటికి పోతా సార్!"

"పో" అని గోడ వెనక్కి చూపించాడు.

సారు పొమ్మన్నాక పోవాల్సిందే కదా, పోయాను. అక్కడ కూర్చోగానే లంగా గుప్పుమంది. "గాసునూనె!" అని అరుస్తూ వెనక్కి ఉరికాను.

తమ్ముడు బతికాడు. ఆ ఆలస్యం సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మతిలేనిదాన్నని ఏళ్ల తరబడి నన్ను నేనే తిట్టుకున్నాను. భయపడితే మాట పోయి అలవాటే మిగులుతుందని ఎవరు చెప్పారు కనక?

మొన్న కౌంటర్లో అమ్మాయి "పేషెంట్ పేరేంటండీ?" అంది. తమ్ముడి పేరు నోటికి రాలేదు. చూసుకుంటే, చిటికెన వేలు లేచి ఉంది.