చప్పట్ల మధ్య ఆగిన పాట

అప్పట్లో బొగ్గు బండ్లే. ధర్మవరంలో నేను బెంగుళూరు రైలెక్కేసరికి, కిటికీ పక్కన మెడకు మఫ్లరు చుట్టుకున్న గోవా పెద్దాయన ఒకరు కూర్చుని ఉన్నారు. గుంతకల్లులో చాలా ఏళ్లు వయొలిన్ నేర్పారట. గొంతులో పుండు లేచిందనీ, బెంగుళూరులో ఆపరేషను చేస్తారనీ, ఆ తర్వాత మాట కూడా రాదనీ మెల్లగా చెప్పారు.

“ఒక్క పాట పాడుకుంటానబ్బా. ఫాదు అంటారు, పోర్చుగీసోళ్ల పాట. మా అమ్మ నేర్పింది,” అన్నారు.

కళ్లు మూసుకొని ఎత్తుకున్నారు. భాష తెలియకపోయినా అందులోని దుఃఖం నాకు అందింది. భజనల్లో పెరిగినవాణ్ణి, ఉండబట్టలేక తొడ మీద తాళం వేశాను. నన్ను చూసి పెట్టెలో అందరూ చప్పట్లు కలిపారు. ఎవరో శభాష్ అని అరిచారు.

ఆయన ఆపేశారు.

“ఏమప్పా, నిలిపేస్తివి? బాగా పాడతాండావు కదా,” అంది ఎదుటి సీటులోని అవ్వ.

“ఈ పాటకు మా గోవాలో దీపాలు తగ్గిస్తారమ్మా. ఎవరూ మాట్లాడరు, గ్లాసు కూడా కదపరు. చప్పట్లు పాట అయిపోయినాకనే. మీకు తెల్దు. మీ తప్పేం లేదు.”

నాకు తల కొట్టేసినట్టయింది. “మళ్లా పాడండి సార్. ఎవరూ నోరెత్తరు,” అని బతిమాలాను.

అవ్వ ఒడిలోని మనవరాలి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. పెట్టె అంతా నిశ్శబ్దమైంది. ఆయన రెండుసార్లు నోరు తెరిచారు. గాలి తప్ప ఏమీ రాలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

పెనుకొండ వచ్చింది, పోయింది. హిందూపురంలో నేను దిగేదాకా ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు.