మూడు చుట్ల మొలతాడు

మా అవ్వ ఉప్పలమ్మకు దేవుడితో ఏ పేచీ లేదు. దేవుడి పేరు చెప్పి జనాన్ని భయపెట్టేవాళ్లతో మాత్రం రోజూ పేచీయే. నాకు ఆమె నోరు వచ్చిందంటారు అందరూ. చేతులు కూడా వచ్చి ఉంటే బాగుండేది.

పోచంపల్లిలో మా వీధిలో పుట్టి, ఆమె కాళ్ల మీద పడుకుని నీళ్లు పోయించుకోనివాళ్లు తక్కువ. బాలింతకు వేన్నీళ్లు, పసిదానికి నలుగు, సాంబ్రాణి పొగ, అన్నీ ఆమే. కులం అడగదు, కూలి అడగదు. తక్కిన వేళంతా తన కొడుకు, అంటే మా బాపు, మగ్గం పక్కన కూర్చుని కండెలు చుట్టేది. పొద్దూమాపూ మార్కండేయుడికి దీపం పెట్టేది.

మగ్గం మీద పాత పడుగు అయిపోవచ్చినప్పుడు, దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతుకుతారు. మా ఇంట్లో ఆ పని అవ్వది. బూడిద అద్దుకున్న వేళ్లతో మెలిపెడుతూ "మగ్గం ఎన్నడు ఉత్తగ ఉండొద్దు బిడ్డా" అనేది. నేత మొదలయ్యాక ఆ అతుకుల ముక్కను కోసి పారేస్తారు. అవ్వ పారేయనిచ్చేది కాదు. పాతా కొత్తా కలిసిన ఆ పోగులను పసుపు నీళ్లలో ముంచి, పేని, వీధిలో పుట్టిన ప్రతి బిడ్డకూ మొలతాడు చేసేది. ఒక్కటే పట్టింపు. బిడ్డ క్షేమంగా ఇల్లు చేరాకే పేనాలి. ముందే పేనితే కీడట.

నేను కాన్పుకు పుట్టింటికి వచ్చేనాటికి అవ్వకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. నాకేమో ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. హైదరాబాద్ దవాఖానలో పుట్టిన నా బిడ్డ రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. దాన్ని అద్దాల పెట్టెలో ఉంచుకుని నన్ను ఇంటికి పంపారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు.

ఎదురింటి బక్కమ్మ ఓదార్చడానికి వచ్చింది. ఆమె ఓదార్పంటే పుండు మీద కారం చల్లడమే.

"ఏడో నెల పిల్ల బతుకుతది గని ఎనిమిదో నెలది నిలువదంటరు. మనసు గట్టి చేస్కో లతా."

మంచం మీద అవ్వ లేచి కూర్చుంది.

"నీ కొడుకు గాలయ్య నిండు తొమ్మిది నెలలకు పుట్టిండు గద, నేనే తానం పోసిన. ఏం తెలివి నిండింది వానికి? యముని చేతులకెల్లి బయటపడ్డోడు మన దేవుడు. నా మునిమనుమరాలిని ఇడిసిపెడ్తడా?"

బక్కమ్మ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది. అవ్వ నావైపు తిరిగి, దాచిన పోగులు తెమ్మంది.

"ముందే పేనొద్దంటివి గద అవ్వా?"

"గీ ఒంటి చేతికి ఎన్ని దినాలు పడ్తదో ఏమో. పిల్ల ఇంటికొచ్చేసరికి తాడు లేకుంటే ఎట్ల?"

కొసను కాలి బొటనవేలి సందున ఇరికించి, ఎడమ చేత్తో తొడ మీద పేనేది. సగం పేనేసరికి జారి విడిపోయేది. మళ్లీ మొదలు. నేను బాపుతో కలిసి బస్సులో దవాఖానకు పాలు తీసుకుపోయి వచ్చేసరికి తాడు ఇంత పెరిగి ఉండేది. ఒకరోజు పాపకు ఊపిరి అందడం లేదని ఫోన్ వచ్చింది. ఆ రోజంతా అవ్వ దేవుడి పటం వైపు చూస్తూ పేనుతూనే ఉంది. తాడు జారి విడిపోయినా చూసుకోలేదు. ఆమెకూ భయముందని నాకు అప్పుడే తెలిసింది.

ఆ గండం గడిచింది. పాప ఇంటికొచ్చింది. అవ్వ నా పక్కన కూర్చుని "కాళ్లు సాపు, నేనున్న" అంటూ నా చేతే పాపకు నీళ్లు పోయించింది. తర్వాత మొలతాడు తీసింది. మూడు చుట్లు చుట్టినా ఇంకా మిగిలే ఉంది.

"అవ్వా, గింత పొడుగా? పిల్లకా, బర్రెకా?"

"పెరుగదా మరి?" అంది అవ్వ.

ఒక కొస నేను, ఒక కొస ఆమె పట్టుకుని ముడి వేశాం.

పాప నడక నేర్చిన నెలలోనే అవ్వ పోయింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది బక్కమ్మే. ఇప్పటికీ ఎక్కడన్నా సాంబ్రాణి వాసన వస్తే నాకు ఏడుపొస్తుంది.

ఆ పాపే మా సుహాసిని. ఇప్పుడు బడికి పోతోంది. మూడు చుట్లు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి. నిన్న స్నానం చేయిస్తుంటే ముడి ఊడింది. తిరిగి కడదామంటే కొసలు కలవలేదు. తడి చేతులతోనే పిల్లను ఎత్తుకుని వీధిలోకి వెళ్లి, అవ్వ తాడు చాలనంత పెరిగిందని కనబడ్డవాళ్లందరికీ చెప్పాను. కొట్లో నల్లతాడు దొరుకుతుంది కదా అంది బక్కమ్మ. నేను బాపును అతుకుల ముక్క అడిగి తెచ్చుకున్నాను.

అవ్వ తాడు కొసకు కొత్త పోగు అతికి, బొటనవేలి సందున పెట్టి పేనుతున్నాను. రెండు చేతులున్నా జారిపోతూనే ఉంది. సుహాసిని వచ్చి నడుముకు కొలుచుకుంది.

"అమ్మా, గింత పొడుగెందుకే?"

"పెరుగవా మరి?" అన్నాను.