ఫ్లాపీ మీద గంధం బొట్టు

ఆ బొట్టు పెట్టింది నేనని ఆ రోజు చెప్పలేదు.

తిరుపతిలో నేను పనిచేసిన కంప్యూటర్ సెంటరులో ఆయన నా సీనియర్. మిషను ఆగిపోయినప్పుడల్లా ముందు కళ్లద్దాలు తుడుచుకుని, "నిన్నటికీ ఈ పొద్దుకీ ఏం మారిందబ్బా?" అని అడిగేవారు. జవాబు దొరికేదాకా స్క్రూ కూడా ముట్టేవారు కాదు.

ఒకసారి అలాగే అడిగి అడిగి, కారణం నేనేనని తేల్చారు. "నీకు కీబోర్డెందుకప్పా? బంగారుపాళ్యం పొయ్యి మామిడికాయలు ఏరుకో!" అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వుకు బదులు తీర్చుకోవాలని కాచుకున్నాను.

ఆయుధపూజనాడు మిషన్లన్నిటికీ ఆయనే గంధం పెట్టారు. ఆయన హారతి ఇస్తుండగా, మిషను మొదలవడానికి వేసే, ఆపరేటింగ్ సిస్టం ఉన్న ఫ్లాపీ తీసి, లోపలి నల్లరేకు కనబడే సందులో నేనొక బొట్టు అద్దాను. మర్నాడు మిషను మొదలవుతూనే ఆగిపోయింది. ఎన్నిసార్లు వేసినా అంతే. సాయంత్రానికి ఆయన ఆ మరకను కనిపెట్టారు.

"దీనికి గంధం ఎవురు పెట్టింది?"

"అన్నిటికీ మీరే కద సార్ పెట్టినారు," అన్నాను. నా కడుపుమంట చల్లారింది.

ఆయన తన వేళ్ల వైపు చూసుకున్నారు. యజమాని దగ్గరికి వెళ్లి, తప్పు తనదేనని చెప్పేశారు. ఆయన ఉద్యోగం పోయింది.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న వడమాలపేటలో వాళ్లింటికి వెళ్లాను.

"సార్, ఆ బొట్టు మీరు పెట్టలేదు. మీ మీద కసితో నేనే పెట్టినాను. మిమ్మల్ని మీరే అనుమానించుకునేట్టు చేసినాను. క్షమించండి," అన్నాను.