ఇద్దరు మావయ్యలూ ఒక్క గాజుపలకా

నా జన్మలో ఒకే ఒక్కసారి శాంతిదూత వేషం కట్టాను. ఆ వేషం విప్పుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఏ మేనమామ ఇంటి వైపూ తల పెట్టి పడుకోలేదంటే ఎంత ఘనకార్యం చేశానో మీరే ఊహించుకోండి.

మాది రాజోలు దగ్గర ఓ లంక. మా అమ్మకి ఇద్దరు అన్నదమ్ములు, ఒకరు అన్న, ఒకరు తమ్ముడు. తాతగారు పోయాక ఆస్తి పంచుకున్నారు. కొబ్బరితోట చెరిసగం. ఇంటికి మధ్యలో దడి. మిగిలింది ఒక నావ. దాన్ని కోసి పంచలేరు కనక ముందు భాగం పెద్దమావయ్యదనీ, వెనక భాగం చిన్నమావయ్యదనీ పెద్దమనుషులు తీర్పు చెప్పారు. అంత గొప్ప తీర్పు చెప్పినవాళ్లకి దండం పెట్టాలి. ఆనాటి నుంచి ఆ నావ అంగుళం కదిలితే ఒట్టు. ముందు నిలబడి గెడ వెయ్యాల్సినవాడు ఆయన, వెనక చుక్కాని పట్టాల్సినవాడు ఈయన. ఇద్దరూ ఒకేసారి ఎక్కరు. తొమ్మిదేళ్లు మాటల్లేవు. ఇల్లాళ్లకీ అదే ఆజ్ఞ: దడి అవతలి గాలి కూడా పీల్చకూడదు. రేవుగట్టు మీద ఇద్దరి కొబ్బరికాయలూ కలిసిపోయి మొలకలెత్తాయి, అవి మాత్రం తగువు పడలేదు. మా అమ్మ పుట్టింటికి వెళ్లడమే మానేసింది. ఏ గుమ్మం ముందు ఎక్కినా రెండోది మూసుకుంటుందని ఆవిడ భయం.

అవి మా వైపు కాలవలు తవ్విస్తున్న రోజులు. ఆ పని చూసే ఓ దొర దగ్గర రెండేళ్లు కెమెరా పెట్టె మోశాను. ఆయన జబ్బుచేసి చెన్నపట్నం వెళ్లిపోతూ పాత పెట్టె నాకిచ్చాడు. గంధపుచెక్కలు మోసిన గాడిద తానే గంధమనుకున్నట్టు, నాకు విద్యంతా వచ్చేసిందనుకున్నాను.

ఆ పెట్టెకి ముందు ఇత్తడి గొట్టం, అందులో అద్దం. ఆ అద్దానికి చూపు బహు కురచ. ఎంత దూరానికి సరిచేస్తే అక్కడ జానెడు మేర మాత్రం కంటిరెప్పలు లెక్కపెట్టేంత స్పష్టంగా పడుతుంది. ఆ జానెడుకి ముందున్నా, వెనకున్నా, ఎంతటి మొనగాడైనా గంజిలో పడ్డ ఈగే. గొట్టం కొంచెం, గొడవ ఘనం.

మొహాన్ని గాజుపలక మీదకి దించే పెట్టె నా దగ్గరుందని తెలిసి మావయ్యలిద్దరూ విడివిడిగా కబురంపారు. నాకు తెలివి పుట్టింది. రెండే పలకలు మిగిలాయనీ, ఇద్దరూ కలిసి కూర్చుంటేనే తీస్తాననీ తెగేసి చెప్పాను. బొమ్మ మీద మోజు పగని గెలిచింది. మా పెరట్లో, కరణంగారింట్లో అరువు తెచ్చిన రెండు కుర్చీల మీద, తొమ్మిదేళ్ల తర్వాత పక్కపక్కన కూర్చున్నారు. మధ్యలో మాత్రం మనిషి పట్టేంత సందు వదిలారు. అత్తయ్యలిద్దరూ పెరటికి చెరో మూలా నిలబడ్డారు.

పెద్దవాణ్ని కనక మూరెడు ముందుండాలన్నాడు పెద్దమావయ్య. సరేనన్నాను. పలక కడిగి చూస్తే ఆయన మీసం నిమ్మముల్లులా వచ్చింది. చిన్నమావయ్య మొహం పిండిలో దొర్లించిన గుమ్మడికాయలా వచ్చింది. ఆయన కండువా దులిపి లేచి వెళ్లిపోబోతుంటే కాళ్లావేళ్లా పడి ఆపాను. నేల మీద ముగ్గుపిండితో గీత గీసి, రెండు కుర్చీలూ సరిగ్గా దాని మీద పెట్టించి, నల్లగుడ్డలో తల దూర్చి అద్దాన్ని ఆ గీతకి సరిచేశాను.

ఇక్కడ ఒక్క చిక్కుంది, వినండి. పలకకి మందు పూశాక తడి ఆరకముందే బొమ్మ తియ్యాలి. అందుకని ముందు అద్దం సరిచేసి, తర్వాత చీకట్లోకి వెళ్లి పలక తయారుచేసుకు రావాలి. నా చీకటిగది మా పశువుల పాక. నేను అందులో ఉన్న కాసేపట్లో బయట జరిగింది తర్వాత మా అమ్మ చెప్పింది. పెద్దమావయ్య దగ్గుతూ కుర్చీని బెత్తెడు ముందుకి జరిపాడట. చిన్నమావయ్య చూడనట్టే చూసి జానెడు జరిపాడట. ఆయన మళ్లీ దగ్గాడట. అలా దగ్గుకో జానెడు చొప్పున ఇద్దరూ మూడు మూరలు ముందుకొచ్చేశారట.

నేను బయటికొచ్చి మళ్లీ గుడ్డలో తల దూర్చి చూడాలా, వద్దా? చూడాలి. చూడలేదు. కళ్లన్నీ తడిపలక మీదే. "పది లెక్కపెట్టేదాకా ఎవరూ కదలకండి," అని గొట్టం మూత తీశాను. పెరట్లో చీమ కూడా కదల్లేదు.

కడిగి, బొమ్మ తేలి కనబడేందుకు వెనక నల్లగుడ్డ పెట్టి, మావయ్యల ముందు ఉంచాను.

పెద్దమావయ్య చాలాసేపు చూశాడు. "ఏరా అబ్బాయీ, మా మొహాలేవిరా?"

"అవేనండి," అన్నాను రెండు పొగమబ్బుల్ని చూపించి.

"మరి ఈ మధ్యనున్నదెవరు?" అన్నాడు చిన్నమావయ్య.

అప్పుడు చూశాను నేను. మబ్బుల మధ్య సందులో, ముగ్గుగీత మీద, అత్తయ్యలిద్దరూ. పెద్దత్తయ్య చెయ్యి చిన్నత్తయ్య భుజం మీదుంది, రెండో చేత్తో ఆవిడ నోటికి తమలపాకు అందిస్తోంది. ఆకు ఈనెలతో సహా పడింది.

"మేవేనండి," అంది పెద్దత్తయ్య నిదానంగా. "రోజూ మజ్జానం దడి దగ్గర ఆకేసుకుంటావండి. మీరు ముందుకెళ్లిపోయేరు, ఎనక జాగా కాళీగా ఉంది గదా అని ఇక్కడేసుకుందావనుకున్నాం. ఇంతలో అబ్బాయి కదలొద్దన్నాడు."

"రోజూ అంటే ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు పెద్దమావయ్య.

"తొమ్మిదేళ్లండి, బావగారూ," అంది చిన్నత్తయ్య కొంగు చాటునుంచి.

చిన్నమావయ్య మెల్లిగా తల తిప్పాడు.

"అన్నయ్యా, నీకు తెల్సా?"

"లేదురా. నీకో?"

"నాకూ తెల్దు."

తొమ్మిదేళ్లకి తొలిపలుకులు. మా అమ్మ ఏడ్చేసింది. నేను దీవెనలందుకోవడానికి తల వంచాను. పిల్లుల తగువులో కోతికి రొట్టె దొరికిందంటారు. ఈ కోతికేం దొరికిందో చూడండి.

"తమ్ముడూ, మనిద్దర్నీ దెయ్యాల్ని చేసిందెవర్రా?" అన్నాడు పెద్దమావయ్య.

"ఈడే అన్నయ్యా."

"పట్టుకో."

ఒకరు పెట్టెనీ, ఒకరు నన్నూ పట్టుకుని రేవుకి నడిచారు. నావలో నీళ్లు తోడేశారు. పెద్దమావయ్య ముందు గెడ వేశాడు, చిన్నమావయ్య వెనక చుక్కాని పట్టాడు, మధ్యలో ఒళ్లో కెమెరాతో నేను. నడిగోదాట్లోకి వెళ్లాక దాన్ని నా చేతే నీళ్లలో వేయించారు. తిరిగొస్తూ ఇద్దరూ ఆ సంవత్సరం కొబ్బరికాపు గురించి ఒకటే కబుర్లు. నేనొకణ్నున్నానని కూడా గుర్తులేదు వాళ్లకి. ఆ మర్నాడు మొలకలు తీసి పారేసి, ఇద్దరి కాయలూ ఒకే నావలో ఎక్కించారు.

మా అమ్మ నన్నోదార్చడం మాని, పరవాన్నం వండి అన్నదమ్ములకి పెట్టింది. దడి పీకేశారు. పలకని మాత్రం అత్తయ్యలు ఎవరి చేతికీ ఇవ్వలేదు. చూడ్డానికొచ్చినవాళ్లు ముందున్న ఆ రెండు మబ్బులూ ఏమిటని అడిగితే, "ఆయ్, మా ఆయనలండి," అని చెప్పేవారు.

కనక గోదావరి మీద ఆనపెట్టి చెబుతున్నాను. ఇక ఈ జన్మలో అన్నదమ్ములిద్దర్ని ఒక్క పలక మీద కూర్చోబెట్టను. తప్పనిసరైతే, కుర్చీల కాళ్లు మూరెడు లోతు నేలలో పాతించి, మట్టి కప్పించి, నేనే స్వయంగా తొక్కి చూసుకున్నాకే మూత తీస్తాను.